పాత చీరల మూట

బీరువా తలుపులు రెండూ బార్లా తీసి, నేలమీద చాప పరుచుకుని కూర్చున్నాను. 2024 సెప్టెంబరు మొదటి వారం అది. విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, ఆ చుట్టుపక్కల కాలనీలన్నీ నీళ్లలో నానుతున్నాయి. అటు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో బ్యారేజీ కట్టిన దగ్గర్నుంచి అంత నీరు ఎన్నడూ రాలేదు. మా పామర్రుకి విజయవాడ ఎంత దూరమని! పిల్లల కాలేజీలు, పెళ్లిబట్టలు, పెద్ద డాక్టర్లు, అన్నిటికీ మాకు ఆ ఊరే. టీవీలో మేడల మీద నిలబడి చేతులూపుతున్నవాళ్లని చూస్తుంటే పక్క వీధివాళ్లని చూసినట్టే అనిపించింది.

మొదటి రెండు రోజులూ మా వీధి ఆడవాళ్లం కలిసి పులిహోర పొట్లాలు కట్టాం. పెద్ద గుండిగల్లో అన్నం వార్చి, వాకిట్లో పందిరిమంచం మీద ఆరబోసి, ఒకరు పులుసు కలుపుతుంటే ఒకరు పోపు వేస్తుంటే, అచ్చం పెళ్లివారిల్లులాగే ఉంది. నవ్వులు కూడా నవ్వుకున్నాం. తర్వాత ఎవరికి వాళ్లకి ఆ నవ్వులు తలుచుకుంటే సిగ్గేసింది. మూడోనాడు ఎదురింటి వదినగారు వచ్చి, "తిండి చాలా చోట్ల నుంచి వస్తోందిట. బట్టలు కావాలంటున్నారు. సాయంత్రం బండి వెళ్తుంది, ఏవన్నా ఉంటే తీసి ఉంచు" అని చెప్పి వెళ్లింది.

ఏవన్నా ఉంటే. ఆ మాటే నన్ను బీరువా ముందు కూలేసింది.

లేకేం, ఉన్నాయి. జరీ నల్లబడిపోయిన సింథటిక్ చీర ఒకటి, ఎవరో గృహప్రవేశానికి పెడితే ఒక్కసారి కూడా కట్టని ముదురు ఊదారంగు చీర ఒకటి, ఇస్త్రీపెట్టె తగిలి కుచ్చిళ్ల దగ్గర కాలినది ఒకటి, రంగు దిగిపోయి ఏ రంగో నాకే తెలియనిది ఒకటి. జాకెట్లు నాలుగు, చంకల్లో చిరుగులతో. అయిదు నిమిషాల్లో మంచి కుప్పే అయింది. పర్వాలేదే, బాగానే ఇస్తున్నాను అనుకున్నాను. బీరువా కూడా ఖాళీ అయి ఊపిరి పీల్చుకున్నట్టుంది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు కలిగిన తృప్తిలో సగం దానం చేస్తున్నందుకు, సగం ఇల్లు సర్దుకున్నందుకు.

మా అత్తగారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఇదంతా గమనిస్తున్నారు. ఆవిడకి 67 ఏళ్లు. మాట తక్కువ మనిషి. కాసేపటికి, "అమ్మాయ్, ఆ కాలిన చీర నువ్వు కట్టుకుని సెంటర్ దాకా వెళ్లగలవా?" అన్నారు.

"వెళ్లను లెండి అత్తయ్యా. అందుకేగా ఇచ్చేస్తున్నాను" అన్నాను, కాస్త చిరాగ్గానే.

ఆవిడ ఇంకేమీ అనలేదు. లేచి వచ్చి చాప అంచున కూర్చుని, ఆ కాలిన చీర ఒళ్లో వేసుకుని మడతలు విప్పుతూ ఒక సంగతి చెప్పారు. ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చి పదిహేనేళ్లు దాటినా ఎన్నడూ వినని సంగతి.

1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం. ఆవిడ కాపురానికి వచ్చి ఆరు నెలలు. ఇరవయ్యేళ్ల పిల్ల. ఆ రోజు గాలికి మా ఊళ్లోనూ తాటాకు ఇళ్ల కప్పులు లేచిపోయాయి, చెట్లు పడ్డాయి. కోతకొచ్చిన సార్వా వరి నేలకి అంటుకుపోయింది. కానీ మన కష్టం ఏపాటిదో తర్వాత గాని తెలియలేదుట. దక్షిణాన కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి దాటి వెళితే అవనిగడ్డ. ఆ అవతల దివిసీమ. అక్కడ సముద్రం ఊళ్ల మీదకి వచ్చేసింది. అయిదు మీటర్ల పైన ఎత్తున లేచిన ఉప్పెన ఊళ్లకి ఊళ్లనే తుడిచేసింది. పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి, ఈ పేర్లు అప్పటిదాకా ఎందరికి తెలుసు? ఒక్కరాత్రిలో దేశమంతా తెలిశాయి. పోయినవాళ్లు పదివేలకి పైనేనని లెక్కలు. లెక్కకి అందనివాళ్లు వేరు. సముద్రం ఎంతవరకు వచ్చిందో ఆ గుర్తుగా అవనిగడ్డ దగ్గర స్మారకం కట్టారు. అక్కడ నిలబడి సముద్రం ఎంత దూరంలో ఉందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. (మన తీరానికి ఇది మొదటిసారీ కాదు. 1864 నవంబరు 1న బందరు మీద విరుచుకుపడిన ఉప్పెనలో ముప్ఫైవేలమంది పోయారు. మధ్యలో నూటపదమూడేళ్లు. మనిషి మరిచిపోవడానికి అది చాలా ఎక్కువ కాలం.)

ఆ తర్వాత వచ్చిన జనం! మా ఊరి మీదుగా రోజూ లారీలు పోయేవిట. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు లాంటివాళ్లు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. కలకత్తా నుంచి మదర్ థెరిసా వచ్చారు. కాషాయం కట్టిన సన్యాసులు, చర్చివాళ్లు, కాలేజీ కుర్రాళ్లు, అన్ని జెండాలవాళ్లూ వచ్చారు. శవాలు ముట్టుకోవడానికి కన్నవాళ్లే జంకిన చోట, పేరూ ఊరూ తెలియని కుర్రాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకుని గోతులు తవ్వి పూడ్చారు. మావగారు అక్కడికి రెండు ట్రిప్పులు వెళ్లొచ్చి వారంపాటు అన్నం సరిగ్గా తినలేదుట. ఆయనే ఇంకో మాట కూడా చెప్పారుట, గొంతు తగ్గించి. పోయినవాళ్ల చెవుల్లోంచీ ముక్కుల్లోంచీ బంగారం ఒలుచుకున్నవాళ్లు కూడా ఉన్నారని. ఒకే నేల మీద, ఒకే రోజున, ఒక మనిషి గోతిలోకి దింపుతుంటే ఇంకో మనిషి వేళ్లకేసి చూస్తున్నాడన్నమాట.

మనం కథల్లో ఏం చేస్తాం? వీణ్ణి మంచివాడినీ వాణ్ణి చెడ్డవాడినీ చేసి ఊరుకుంటాం. నేనూ అలాంటి కథలు నాలుగైదు రాశాను. 'మానవ నైజం' అంటూ ఓ మహిళా మండలి మీటింగులో మాట్లాడి శాలువా కూడా కప్పించుకున్నాను. కానీ అత్తగారు చెప్పిన సంగతిలో దొంగ ఎవరూ లేరు. దేవతా లేదు. ఇరవయ్యేళ్ల కోడలుపిల్ల ఒక్కతే ఉంది.

ఊళ్లో బట్టలు పోగుచేస్తుంటే వాళ్ల అత్తగారు, "నువ్వూ ఒకటి వెయ్యవే" అన్నారుట. ఈవిడ ట్రంకుపెట్టె తీసింది. పుట్టింటివాళ్లు పెట్టిన చీరలు ఎనిమిది. అడుగున, పెళ్లికి ముందు నుంచీ కట్టుకుంటున్న పెడన నేతచీర ఒకటి. ఆకుపచ్చది, మెరూన్ అంచు. గుమ్మం మేకుకి పట్టుకుని పైటకి కాస్త కింద జానెడు చిరిగింది. ఇంకేం ఆలోచిస్తుంది? అదే మడిచి ఇచ్చింది. చిరుగు లోపలికి వచ్చేలా మడిచిందిట. ఆ మాట చెప్పేటప్పుడు అత్తగారు నా మొహం వంక చూడలేదు.

నెల తర్వాత సంగతి. పొలాలు ఉప్పుమయమై దివిసీమలో పని లేక కొందరు కూలీలు కోతలకి ఇటువైపు వచ్చారు. మా పొలంలోనూ పదిమంది దిగారు. మధ్యాహ్నం పెరటి వసారాలో వాళ్లకి అన్నాలు పెడుతుంటే వరసలో చివర కూర్చున్న ఆవిడ ఎడమచేతి పిడికిలి నడుము దగ్గర బిగించి పట్టుకుని, కుడిచేత్తో తింటోంది. అన్నం కలుపుకోవాలన్నా ఆకు జరుపుకోవాలన్నా ఆ పిడికిలి విప్పదు. ఏమిటా అని చూస్తే, చీర చిరుగు. ఆకుపచ్చ చీర. మెరూన్ అంచు. అయినా అలాంటివి ఊరినిండా ఉంటాయి కదా అనుకుందిట. మజ్జిగ పోయడానికి వంగితే చెంగు కొసన జీడిగుర్తు కనిపించింది.

ఇప్పటి పిల్లలకి జీడిగుర్తంటే తెలియదు. మన ఇళ్లకి బట్టలుతికే చాకలి, ఎవరి బట్ట ఎవరిదో తెలిసేందుకు నల్లజీడి గింజ రసంతో అంచున చిన్న గుర్తు పెట్టేవాడు. రెండు చుక్కలు, ఒక గీత, అలాగ. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. మా అత్తగారి పుట్టింటి గుర్తు మూడు చుక్కలూ ఓ అడ్డగీతా.

"చీరెక్కడిదమ్మా?" అని అడిగిందిట, తనకి తెలియనట్టు. "ఎవురో మారాజుల బిడ్డ ఇచ్చిందమ్మా. నా ఒంటిమీద గుడ్డ కూడా నీళ్లల్లో పోయింది. లారీ కాడ ఇది పడేసినారు. ఆ తల్లి పిల్లాపాపల్తో సల్లగుండాల" అందా మనిషి. ఆవిడకి ముగ్గురు పిల్లలుట. ఉండేవాళ్లుట.

"మరి మీరేం చేశారు అత్తయ్యా?"

"లోపలికెళ్లి పెట్టె తీశాను. పసుపు రంగుది ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అమ్మ కొన్నది కదా అనిపించింది. అది పెట్టి ఇంకోటి తీశాను. అది పండక్కి కట్టుకోవాలనుకున్నది. అలా ఎనిమిదీ అయ్యాయి. పెట్టె మూసేసి వచ్చి ఇంకో గరిటెడు కూర వేశాను. అత్తగారు కోప్పడతారని ఇవ్వలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. ఆవిడ కోప్పడే మనిషి కాదు. నా పెట్టె తాళం నా దగ్గరే ఉండేది."

నలభై ఏడేళ్లపాటు ఈ సంగతి ఆవిడ కొడుకులకి చెప్పలేదు, మొగుడికీ చెప్పలేదు.

* * *

ఆ పిడికిలి నన్ను వదల్లేదు. ఆ రాత్రి మావారూ పిల్లలూ నిద్రపోయాక కఠోపనిషత్తులోని నచికేతుడి కథ గుర్తొచ్చింది. చిన్నప్పుడు యముడి దగ్గరకి వెళ్లిన పిల్లాడి కథగానే విన్నాం. అసలు గొడవ ఎక్కడ మొదలైందో మనకెవరూ నొక్కి చెప్పలేదు. తండ్రి వాజశ్రవసుడు ఉన్నదంతా ఇచ్చేస్తానని యాగం చేస్తూ, పాలు ఎండిపోయిన ముసలి ఆవుల్ని దానం ఇస్తున్నాడు. ఇక మేతా మెయ్యవు, నీళ్లూ తాగవు, ఈనవు. పిల్లాడు చూస్తున్నాడు. "నాన్నా, మరి నన్నెవరికిస్తావు?" అని అడిగాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తండ్రికి ఒళ్లు మండి, "నిన్ను యముడికిస్తాను పో" అన్నాడు. అంత కోపం ఎందుకొచ్చింది? అబద్ధం పట్టుబడినప్పుడే కదా అంత కోపం వచ్చేది! పొద్దున అత్తగారు కాలిన చీర గురించి అడిగితే నాకు వచ్చిన చిరాకు కూడా సరిగ్గా అదే జాతిది. మన ఉపనిషత్తుల్లో అంతపెద్ద ఆత్మజ్ఞానం గొడ్డుపోయిన ఆవుల దగ్గర మొదలైందంటే, ఆ రాసినవాళ్లకి మన ఇళ్ల సంగతి బాగా తెలుసన్నమాట.

కర్ణుడి కథ ఇంకోటి ఉంది, పెద్దవాళ్లు చెప్పుకునేది. కర్ణుడు తలంటుకోబోతూ ఎడమచేతిలో రత్నాలు పొదిగిన నూనెగిన్నె పట్టుకుని ఉంటే కృష్ణుడు వచ్చి ఆ గిన్నె అడిగాడు. కర్ణుడు ఎడమచేత్తోనే ఇచ్చేశాడు. ఎడమచేత్తో దానమేమిటయ్యా అంటే, కుడిచేతికి మార్చుకునేలోగా నా మనసు మారితేనో అన్నాడు. అంతటి దానకర్ణుడికే తన మనసు మీద ఆ రెండు క్షణాల నమ్మకం లేదు. మా అత్తగారు ఎనిమిది చీరలు ఎడమచేతి నుంచి కుడిచేతికి మార్చుకున్నారు. అంతే తేడా.

మా వీధి చివర చర్చిలో కూడా ఈ కథే ఇంకో రూపంలో చెబుతారు. డబ్బున్నవాళ్లు కానుకల పెట్టెలో ఎక్కువెక్కువ వేస్తుంటే, బీద విధవరాలు ఒకావిడ రెండు చిన్న నాణేలు వేసింది. అందరికంటే ఎక్కువ ఆవిడే వేసిందన్నాడు యేసు. మిగిలినవాళ్లు తమకి ఎక్కువైన దాంట్లోంచి వేశారు, ఆవిడ తనకి చాలని దాంట్లోంచి వేసింది. ఏ దేవుడి దగ్గరకి వెళ్లినా ఈ బీరువా ప్రశ్న తప్పేలా లేదు!

ఇక్కడ చరిత్ర గురించి ఒక ముచ్చట చెప్పాలి. మాకు దగ్గరలోనే ఘంటసాల ఉంది. పాటల ఘంటసాల ఇంటిపేరు కాదు, ఊరు. ఒకప్పుడు కంటకసేల అనేవారు. ఓడలొచ్చే రేవు, గొప్ప బౌద్ధక్షేత్రం. అక్కడి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించింది ఒక ఆడది. పేరు బోధిసిరి. రాణి కాదు. ఒక గృహస్థుడి కూతురు, ఇంకొక గృహస్థుడి ఇల్లాలు. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, నాగార్జునకొండ మీద తను చేసిన దానాలన్నీ రాతిమీద చెక్కించింది. ఇక్కడ చెరువు, అక్కడ మండపం, మరోచోట భిక్షువులు ఉండటానికి గదులు, మన కంటకసేలలో రాతి మండపం అని జాబితా. ఆ పుణ్యం ఎవరెవరికి చెందాలో కూడా రాయించింది. మొగుడు, మొగుడి తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అప్పచెల్లెళ్లు, తన తల్లీ తండ్రీ, వాళ్ల తాలూకు వాళ్లు... చదువుతుంటే పెళ్లిపత్రికలో 'ఆహ్వానించువారు' గుర్తొస్తారు. అత్తింటివాళ్లలో ఎవరి పేరైనా తప్పిపోతే ఇంట్లో ఏం జరుగుతుందో ఆవిడకీ తెలుసేమో పాపం!

నవ్వుతున్నాను గాని, ఆవిడని తక్కువ చెయ్యడం లేదు. ఆ పేర్లు చెక్కించుకోవాలన్న సరదా వల్లే పదిహేడు వందల ఏళ్ల కిందటి ఒక గృహిణి మనకి మిగిలింది. మరి మన గుళ్లో ట్యూబ్‌లైటు మీద దాత పేరు అంత లావు అక్షరాలతో రాయించి సగం వెలుతురు మింగేస్తే ఎందుకు ఎగతాళి చేస్తాం? ఫ్యాను రెక్కకో పేరు రాయిస్తారు, తిరిగితే ఒక్కటీ కనపడదు. పేరు కోసం ఇచ్చినా గాలి గాలే కదా అని ఒకప్పుడు మావారితో వాదించాను. ఇప్పటికీ ఆ వాదన తప్పనుకోను. పేరు కోసం ఇచ్చేవాడు కనీసం మంచిదే ఇస్తాడు, పేరుంటుంది గనక. పేరులేని మూటలోనే చిరుగు లోపలికి మడిచి పెడతాం.

పేరు అక్కర్లేకుండానే మంచిది పెట్టినవాళ్లు కూడా మన డెల్టాల్లోనే ఉన్నారు. గోదావరి వైపు లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆవిడ చదువుకున్నదీ లేదు, పదవులూ లేవు. భర్త జోగన్న గారికి పొలమూ పుట్రా ఉండేవి. వేళ కాని వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టడం ఒక్కటే ఆవిడ పని. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకానికి ఆవిడ ఫోటో కావాలని దొరలు అడిగితే నాకెందుకు నాయనా ఫోటోలు అందని చెప్పుకుంటారు. 2024లో మన ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టింది. సీతమ్మగారి గురించి విన్నప్పుడల్లా నాకు ఒక సందేహం. అర్ధరాత్రి తలుపు కొడితే ఎప్పుడూ విసుక్కోలేదా? కట్టెలు తడిసి పొయ్యి రాజుకోనప్పుడు ఒక్కసారైనా 'ఈ వేళప్పుడా' అని నోట్లో గొణుక్కోలేదా? గొణుక్కునే లేచి వండిందంటే నాకు ఆవిడ మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

* * *

ఇంతకీ మన ఇళ్లలో రోజూ జరిగేది ఏమిటి? గుండెలమీద చెయ్యేసుకుని చెప్పండి. కాస్త జరీ ఉన్న పాత పట్టుచీర స్టీలు సామాన్లవాడికి వేస్తాం. వాడితో గంటసేపు బేరమాడి, ఇంకో చిన్న గిన్నె వెయ్యమని పట్టుబట్టి, మూతతో సహా రాబట్టుకుంటాం. వాడు వద్దన్నది మాత్రమే పనిమనిషికి ఇస్తాం. మూడురోజులు ఫ్రిజ్‌లో ఉన్న కూర వాసన చూసి, మనం తినేందుకు పనికిరాదని తేలాక, 'పాపం తీసుకెళ్లవే' అంటాం. ఆ 'పాపం' ఎవరిదో మరి!

వాయనాల జాకెట్టు ముక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు. శ్రావణమాసంలో నేను ఒక ఇంట్లో ఇచ్చిన జాకెట్టు ముక్క, నా చేతి పసుపు మరకతో సహా, రెండేళ్ల తర్వాత వేరే ఇంట్లో నాకే వాయనంగా వచ్చింది. ఊరంతా తిరిగి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలాగ! కుట్టించుకుంటే చేతులకి కూడా చాలని ఆ ముక్కని నేనేం చేశానంటారా? మళ్లీ ఇంకొకరికి ఇచ్చాను.

అలాగని పాతబట్ట ఇవ్వడమే తప్పని కాదు. మన అమ్మమ్మలు పాత నూలుచీరలు ఎంత భద్రంగా దాచేవారు! పురిటికి, పసిబిడ్డ పక్కకి, ఉయ్యాలకి, బొంతకి, పాత నూలుచీరంత మెత్తనిది కొత్తబట్టల్లో లేదు. అది మన బిడ్డ కోసం దాచిన పాత. ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టిన పాత. అంశు గుప్తా అనే ఆయన 1999లో ఢిల్లీలో గూంజ్ అనే సంస్థ పెట్టి ఈ పాతబట్టల మీదే పని చేస్తున్నారు. వచ్చిన బట్టని వేరుచేసి, బాగుచేసి, ఎవరికి ఏది పనికొస్తుందో చూసి పంపిస్తారు. బొత్తిగా చిరిగిన నూలుబట్టని ఉతికి కత్తిరించి, పల్లెటూరి ఆడవాళ్లకి నెలసరి బట్టలుగా చేసి ఇస్తారు. 2015లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. బట్ట పాతదైనా, అవతల మనిషి అవసరమేమిటని ఆలోచించాక ఇచ్చినది కదా.

ఆలోచించకుండా ఇస్తే ఏమవుతుందో 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నాగపట్నంలో చూశారు. దేశం నలుమూలల నుంచీ వచ్చిన పాతబట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. అక్కడి మత్స్యకారులు వాటిని ముట్టుకోలేదు. నిన్నటిదాకా వలలూ పడవలూ ఉండి, కష్టం చేసుకుని తలెత్తుకు బతికినవాళ్లు. ఇల్లు పోయినంత మాత్రాన ఇతరులు విడిచిన గుడ్డ ఎందుకు కట్టుకోవాలి? 'అడుక్కునేవాళ్లకి ఇంత అభిమానమా' అని మా బంధువుల్లో ఒకాయన అన్నట్టు గుర్తు. వాళ్లు అడుక్కోలేదు కదా, మనం పంపామంతే.

నీళ్లు వచ్చిన ప్రతిసారీ మనుషులు ఒకలాగే ఉంటారా అంటే, అదీ అనలేను. 1990 మే 9న మళ్లీ మన కృష్ణా తీరాన్నే పెనుతుపాను తాకింది. అప్పుడు ముందుగా హెచ్చరించి లక్షలమందిని ఊళ్లు ఖాళీ చేయించారు. దివిసీమ తర్వాత కట్టిన తుపాను షెల్టర్లు అక్కరకొచ్చాయి. పోయినవాళ్లు వెయ్యిమందికి లోపే. వెయ్యి ప్రాణాలు తక్కువా? కాదు. కానీ పదివేలెక్కడ, వెయ్యెక్కడ! నేర్చుకున్నారుగా మరి. మొన్న విజయవాడలోనూ పీకల్లోతు నీళ్లలో పాలపాకెట్లు నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ మోసిన కుర్రాళ్లున్నారు, డ్రోన్లతో మేడలమీదకి అన్నం పొట్లాలు దింపినవాళ్లున్నారు. గర్భిణి పిల్లని ఒడ్డుకి చేర్చడానికి వేలకి వేలు అడిగిన పడవవాళ్ల గురించీ విన్నాం. ఆ పడవాయనకి కూడా ఇంట్లో ఓ కూతురుంటుంది. సాయంత్రం ఆ డబ్బుతో ఆ పిల్లకి ఏదో ఒకటి పట్టుకెళ్లే ఉంటాడు. అదే నాకు మింగుడు పడనిది.

* * *

ఇంతకీ నా మూట సంగతి చెప్పలేదు కదూ!

అత్తగారు చెప్పడం అయ్యాక కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. కాలిన చీరని పక్కన పెట్టాను, ఇల్లు తుడిచే గుడ్డలకి. జాకెట్లు కూడా. ఊదారంగు చీర కొత్తదే కాబట్టి ఉంచాను. అయినా అది నాకు నచ్చనిదే కదా! లేచి బీరువా పై అరలోంచి మంగళగిరి చీర ఒకటి తీశాను. గంధం రంగు, సన్నటి జరీ అంచు. నా మొదటి కథకి వచ్చిన పారితోషికానికి ఇంకా కొంత కలుపుకుని కొనుక్కున్నది. తీసి, మడత సరిచేసి, ఇంకేమీ ఆలోచించకుండా ఎడమచేత్తోనే మూటలో పెట్టేశాను. దానికి సరిపడే జాకెట్టు బట్ట, లంగా, రెండు తువ్వాళ్లు కూడా పెట్టాను. అత్తగారు తన గదిలోకి వెళ్లి ఒక చీర తెచ్చి వేశారు. ఆకుపచ్చది. కొత్తది, కిందటి ఏడాది వాళ్లబ్బాయి కొన్నది.

నేనేదో గొప్ప పని చేశాననుకునేరు. బండి వెళ్లిపోయాక రాత్రి పన్నెండింటిదాకా నాకు నిద్ర పట్టలేదు. వరదబాధితుల గురించి కాదు, ఆ మంగళగిరి చీర గురించి. అంత మంచి చీర ఎవరో ఇల్లు తుడవడానికి వాడేస్తేనో? ఆ ఊదారంగుదీ ఇంకో రెండూ ఇచ్చి ఊరుకుంటే పోయేది కదా! ఇచ్చిన చెయ్యి నాదే, పక్కమీద దొర్లుతున్న ఒళ్లూ నాదే. మావారిని లేపి చెప్పుకుందామనుకున్నాను గాని, ఆయన నవ్వుతారని మానేశాను.

పొద్దున కాఫీ ఇస్తుంటే అత్తగారు అడిగారు, "నీ చీరకి గుర్తేమీ లేదుగా?" అని.

"ఇప్పుడు గుర్తులెక్కడివి అత్తయ్యా, అన్నీ మెషీన్‌లోనేగా" అన్నాను.

"అయితే నీకు తెలియదులే" అన్నారావిడ. అది ఊరడింపో, జాలో నాకు బోధపడలేదు.

ఆ మధ్య పిల్లవాడి ఫీజు కట్టడానికి విజయవాడ వెళ్లాను. పని అయ్యాక బీసెంట్ రోడ్డులో నడుస్తున్నాను. సంక్రాంతి రద్దీ. బస్సు టైమవుతోందని మావారు తొందరపెడుతూనే ఉన్నారు. నేను మాత్రం ఎదురొచ్చే ఆడవాళ్ల చీర అంచులు చూసుకుంటూ నడుస్తున్నాను, గంధం రంగు కోసం.